కోలారు గనులు: పాతాళమున భౌతికశాస్త్రము

భూమిలోనికి దిగిన కొలది మనిషి బరువు పెరుగునా, తరుగునా? లోతైన గోతిలో జారవిడిచిన రాయి నిట్టనిలువుగా పడునా, ప్రక్కకు ఒరుగునా? ఎండ సోకని పాతాళమున చలి వేయవలసినది పోయి ఉక్కపోత ఏల? గాలికి బరువున్నదందురు గదా, ఆ బరువు మనకు తెలియదేల? ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము నేర్చుకొను ప్రతి తరము బాలబాలికలును ఈ ప్రశ్నలనే అడుగుదురు; ఉపాధ్యాయుడు పాఠ్యగ్రంథమును తెరచి, నల్లబల్లమీద గీతలు గీచి, సూత్రములు వ్రాసి, సమాధానము చెప్పును. మైసూరు రాజ్యపు తూర్పు పొలిమేరలో, చిత్తూరు సీమ నానుకొని, తెలుగు కన్నడ తమిళములు మూడును ఒక్క వీధిలో వినవచ్చు కోలారు బంగారు గనులలో ఈ ప్రశ్నలన్నియు జీవన్మరణ సమస్యలై నిలిచి, ఇంజనీర్లచేత సమాధానములు చెప్పించుకొన్నవి. ఆ గనుల చరిత్రను బంగారపు తూకముతోను, కంపెనీల లాభనష్టములతోను వ్రాసినవారు పెక్కుమంది కలరు. నేను దానిని విద్యార్థుల ప్రశ్నల వెంబడి చెప్పదలచితిని. ఏలయన, మూడు కిలోమీటర్లకు పైబడిన ఆ లోతునకు సాటియైన ప్రయోగశాల మన దేశమున మరియొకటి లేకుండెను.

1799లో శ్రీరంగపట్టణము కూలిన పిదప మైసూరు రాజ్యపు ఎల్లలను కొలుచు పని కాలిన్ మెకంజీ కప్పగింపబడెను. మన గ్రామముల కైఫీయతులను సేకరింపజేసి తెలుగువారికి చిరస్మరణీయుడైన మెకంజీయే ఈయన. ఆ సర్వేక్షణములో పనిచేసిన లెఫ్టినెంటు జాన్ వారెన్ 1802లో తూర్పు సరిహద్దున నుండగా, ఉరిగాము మారికుప్పము ప్రాంతముల మట్టిలో బంగారము దొరకునన్న వాడుక ఆయన చెవిని బడెను. బహుమానము ప్రకటింపగనే పల్లెవాసులు బండ్లతో మన్ను తోలుకొని వచ్చి, ఆయన కన్నులయెదుట నీటితో కడిగి, అడుగున మిగిలిన పసిడి రేణువులను చూపిరి. ఒకటిన్నర మణుగుల మన్ను కడిగినను ఒక్క గ్రెయిను బంగారము మాత్రమే చేతికి వచ్చెను. ఆ కడుగువారి చేతిపనిలో సాంద్రతా సిద్ధాంతము సంపూర్ణముగా నున్నది. బంగారము నీటికంటె పందొమ్మిది రెట్లు బరువు. దానిని పొదివికొనియున్న తెల్లరాయి రెండున్నర రెట్లకు కొంచెము పైన. పళ్లెమును వాలుగా పట్టి, నీటిని గుండ్రముగా త్రిప్పుచు, అంచునుండి మెల్లగా వదలినప్పుడు, రాతినలుసు నీటితోపాటు కొట్టుకొనిపోవును, పసిడినలుసు పళ్లెపు మడతలో నిలిచిపోవును. ఆ నీటి వేగము ఒక్క రవ్వ హెచ్చినను బంగారము కూడ పోవును. తగ్గినచో ఇసుక మిగులును. ఆ మధ్యస్థితిని మణికట్టుతో పట్టుకొనగలిగిన వారు ఆర్కిమిడీసు పేరు విని యుండరు. వారి విద్య ఆ పేరు వినుటపై ఆధారపడినదియు కాదు.

వారెన్ కథ ఇంతటితో ముగియదు. 1805 మొదలు కొన్ని సంవత్సరములు ఆయన చెన్నపట్టణపు జ్యోతిశ్శాలకు పెద్దయై, అక్కడ సెకను లోలకపు పొడవును కొలిచి, ఆ ప్రయోగ వృత్తాంతమును ఏషియాటిక్ రిసర్చెస్ అను గ్రంథమాలలో ప్రకటించెను. తరువాత 1825లో దక్షిణదేశపు పంచాంగ గణన పద్ధతులను వివరించు కాలసంకలిత మను గ్రంథమును వెలువరించెను. లోలకపు పొడవును కొలుచుట యనగా ఆ చోటి గురుత్వాకర్షణమును కొలుచుటయే. కోలారు పసిడిని ఆంగ్లపాఠకులకు తెలియజేసిన మనిషియే చెన్నపట్టణమున భూమ్యాకర్షణమును తూచిన మనిషియు నగుట, ఈ గనుల చరిత్ర చదువునప్పుడెల్ల నాకు అమితానందము కలిగించు విషయము.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. భూమిలోనికి దిగిన కొలది బరువు తగ్గునని మన పాఠ్యగ్రంథములలో పెక్కు చెప్పును. భూగోళమంతయు ఒకే సాంద్రత గల గుండ్రని ముద్ద యని భావించి, తలపైనున్న పొర మనలను ఏమాత్రము లాగదని న్యూటను నిరూపించిన సత్యమును దానికి జోడించినచో, లోతు పెరిగిన కొలది ఆకర్షణము క్రమముగా క్షీణించి కేంద్రమున శూన్యమగును. ఆ లెక్క ప్రకారము అరువది కిలోల మనిషి కోలారులోని చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లు దిగినచో ఇరువది యెనిమిది గ్రాములు తరుగవలెను. లెక్క నిర్దుష్టము, కాని అది మన భూమిని గూర్చిన లెక్క కాదు. మన భూమి ఏకసాంద్రము కాదు. దాని సగటు సాంద్రత నీటికంటె అయిదున్నర రెట్లుండగా, పైపొరలోని శిలలు మూడు రెట్లకు మించవు. క్రిందికి దిగువానికి రెండు ఎదురుబొదురు ఫలితములు కలుగును: కేంద్రమునకు చేరువ యగుటచే ఆకర్షణము పెరుగును, పైనున్న పొర లెక్కలోనుండి తొలగుటచే ఆకర్షణము తరుగును. పైపొర సాంద్రత సగటు సాంద్రతలో మూడింట రెండు వంతులకు తక్కువైనంత కాలము మొదటిదే గెలుచును. కోలారులోని నల్లని హార్న్‌బ్లెండు శిల నీటికి సుమారు మూడు రెట్లు. మూడింట రెండు వంతులన్నచో మూడున్నరకు పైన. కాబట్టి కోలారు గనిలోనికి దిగిన మనిషి తరుగడు, పెరుగును. మూడు కిలోమీటర్ల లోతున ఆ పెరుగుదల ఇంచుమించు పది గ్రాములు. ఈ పెరుగుదల గనితో ఆగునది కాదు; నడుమ కొన్నియెడల కొంత తగ్గినను, దాదాపు 2,900 కిలోమీటర్ల లోతున కేంద్రకపు అంచు చేరువరకు గురుత్వము ఉపరితలముననున్న దానికంటె పెద్దగా తగ్గదు, ఆ అంచుననే అత్యధికమై, అటుపిమ్మట క్షీణించును.

ఇది కాగితపు లెక్కగా మిగిలిపోలేదు. గ్రీనిచ్ జ్యోతిశ్శాలకు తరువాత అధిపతియైన జార్జి ఎయిరీ తన యౌవనమున, 1826లోను 1828లోను, కార్న్‌వాల్ సీమలోని డాల్కోత్ గనిలో లోలకములను దింపి పరీక్షింపబూనెను. మొదటిసారి పరికరములు పైకి వచ్చుచుండగా వానికి చుట్టిన గడ్డి అంటుకొని పని చెడెను. రెండవసారి గనిలో శిల జారి నీటి యంత్రములు నిలిచిపోయెను. ఇరువదియారు సంవత్సరములు గడచిన తరువాత, 1854లో, ఉత్తర ఇంగ్లండులోని హార్టన్ బొగ్గుగనిలో ఆయన మరల యత్నించెను. పైన ఒక లోలకము, 1,256 అడుగుల క్రింద ఒక లోలకము. రెంటి గడియారములను విద్యుత్తంతి సంకేతములతో క్షణము తప్పకుండ సరిచూచుట. లోలకముల స్వభావభేదము ఫలితమును చెరుపకుండుటకై పైదానిని క్రిందికి, క్రిందిదానిని పైకి మార్చి మరల లెక్కించుట. ఇట్లు రాత్రింబవళ్లు చూచిన పిమ్మట, క్రిందనున్న లోలకము రోజునకు రెండు సెకన్లకు పైగా ముందుగా నడచుచున్నట్లు తేలెను. వేగముగా ఊగుటయనగా బలమైన ఆకర్షణము. దీనినుండి భూమి సగటు సాంద్రతను లెక్కకట్టి ఎయిరీ ఆరున్నరకు పైగా చెప్పెను. అది వాస్తవమునకు కొంత అధికమే, అంతకు ముందు 1798లో కేవెండిషు కనుగొన్నది సత్యమునకు చాల సమీపము. అయినను దిశ విషయమున సందేహము నిలువలేదు: క్రింద ఆకర్షణము హెచ్చు. నూటయేబది యేండ్లకు పైగా క్రిందటనే ఇది తేలియుండగా, ఇప్పటికిని మన పిల్లలు పరీక్షలలో తగ్గునని వ్రాసి మార్కులు తెచ్చుకొనుచున్నారు. భూమి ఏకసాంద్రమైనచో అను షరతు ప్రశ్నలోనే స్పష్టముగా నుండవలెను. దానిని మింగి సమాధానమును మాత్రము వల్లెవేయించుట శాస్త్రబోధ కాదని నా దృఢమైన అభిప్రాయము. కోలారు బాలునికి ఈ దోషము మరింత బాధాకరము, ఏలయన అతని తాత పది గ్రాములు పెరిగి పనిచేసినవాడు.

పది గ్రాములు ఎవరికిని తెలియవు. దిగునప్పుడు గనివానికి తెలియునది వేరొకటి. ఇనుప కేజిలో పదిమందితో కిక్కిరిసి నిలువబడగా, గంట మ్రోగి కేజి క్రిందికి దిగనారంభించినప్పుడు, కడుపు పైకి లేచినట్లు, కాళ్లు తేలిపోయినట్లు తోచును. వేగము స్థిరపడగనే ఆ భావన పోవును. దిగవలసిన చోట కేజి ఆగబోవునప్పుడు మోకాళ్లమీద బరువు పడును. లిఫ్టులో త్రాసుమీద నిలిచినవాని బరువును గూర్చిన లెక్క విద్యార్థులందరికి నిత్యపరిచితమైనది; సెకనుకు సెకనుకు ఒక మీటరు చొప్పున కేజి వేగము పెరిగినచో అరువది కిలోల మనిషిని త్రాసు యాభైనాలుగు కిలోలుగా చూపును. భూమి చేసిన పది గ్రాముల మార్పునకు ఇది వందల రెట్లు. వేగము ఎంత యున్నను అది స్థిరముగా నున్నంతసేపు శరీరమునకు తెలియదని, మారునప్పుడే తెలియునని గెలీలియో న్యూటనులు చెప్పినదానిని కోలారు శ్రామికుడు ప్రతి షిఫ్టునందును రెండుమారులు అనుభవించెను.

కేజిని మోయు త్రాటి సంగతి అంతకంటె గంభీరము. అంగుళమున్నర మందపు ఉక్కుత్రాడు మీటరునకు అయిదు కిలోలకు పైగా తూగును. రెండు కిలోమీటర్ల త్రాడు వ్రేలాడినచో, కేజితోను మనుష్యులతోను నిమిత్తము లేకుండ, త్రాడే పది టన్నులు దాటును. త్రాటి తన్యత అన్నిచోట్ల సమానమని లెక్కలలో భావింతుము. అచ్చట త్రాటికి బరువు లేదన్న ఊహ దాగియున్నది. గనిలో ఆ ఊహకు తావు లేదు: త్రాటి కొన కేజిని మాత్రము మోయును, త్రాటి మొదలు కేజిని, తనను, మొత్తమును మోయును, తెగినచో పైభాగముననే తెగవలెను. లోతు పెరుగగా త్రాడు తన బరువునే తాను మోయజాలని స్థితి వచ్చును. అందుచేతనే లోతైన గనులలో ఒక్క బావితో అడుగు చేరక, కొంత దూరము దిగి, అచ్చట సొరంగము నడచి, మరియొక బావిలో మరియొక యంత్రముతో దిగుట ఆచారమైనది. కోలారులోను అట్లే చేసిరి.

ఆ యంత్రములు వచ్చిన విధము క్లుప్తముగా చెప్పెదను. ఐర్లండు దేశస్థుడును, న్యూజీలండు యుద్ధములలో పనిచేసిన సైనికుడును అగు మైకేల్ లవెల్, వారెన్ వ్రాసిన వృత్తాంతమును చదివి, 1870ల తొలినాళ్లలో మైసూరు ప్రభుత్వమున కర్జీ పెట్టుకొని, 1875లో ఉరిగాము చెంత త్రవ్వకము మొదలిడెను. 1880లో లండను నగరపు జాన్ టైలర్ అండ్ సన్స్ సంస్థ రంగమున ప్రవేశించెను. పెట్టుబడి దాదాపు హరించిపోయి, వాటాదారులు నిరాశ చెందియుండగా, కార్న్‌వాల్ గనులలో ఆరితేరిన కెప్టెన్ ప్లమ్మర్ పాతకాలపువారు త్రవ్వి విడిచిన గోతులను వెంబడించి చాంపియన్ సిరను పట్టుకొనెను. ఆ పాతకాలపు వారు రెండు వందల అడుగులకు మించి దిగినారన్న మాట గమనింపదగినది. రాతిని నిప్పుతో కాల్చి, నీరు చల్లి, వ్యాకోచ సంకోచముల వలన పగులజేయుట పురాతన భారతదేశపు గనులలో వాడుకలోనున్న పద్ధతి. వారిని నిలువరించినది రాయి కాదు, నీరు. పీల్చు పంపు ఎంత గొప్పదైనను నీటిని సుమారు పది మీటర్లకు మించి ఎత్తజాలదని, దానిని పైకి నెట్టునది వాతావరణ పీడనమేయని టోరిసెల్లి 1643లో తేల్చెను. సముద్రమట్టమునకు ఎనిమిది తొమ్మిది వందల మీటర్ల ఎత్తుననున్న కోలారులో ఆ పదియు తొమ్మిదికి కొంచెము పైబడి నిలుచును. పీల్చుట మాని క్రిందినుండి నెట్టు పంపులు వచ్చిన తరువాతనే పాతవారు విడిచిన లోతులలోనికి క్రొత్తవారు దిగగలిగిరి.

పంపులకు, గాలి యంత్రములకు, కేజిలకు మొదట ఆవిరియే శక్తి. బొగ్గు దూరమునుండి రావలెను. చుట్టుపట్ల అడవులు కట్టెలై కరగిపోయెను. దివాను శేషాద్రి అయ్యరు కాలమున కావేరీ నదిపై శివనసముద్రమున విద్యుదుత్పాదనకు పూనుకొనుటకు కారణము ఈ గనులే. 1902 జూన్ 30వ తేదీన 92 మైళ్ల దూరము తీగలమీదుగా విద్యుత్తు కోలారు చేరెను. అప్పటికి ప్రపంచమునగల అతి దీర్ఘ విద్యుత్ప్రసార మార్గములలో అదియొకటి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది ఇంకను మూడేండ్లకు, 1905లో. ఎక్కువ వోల్టేజితో పంపుట ప్రమాదకరము గదా, తక్కువతోనే పంపరాదా యని పిల్లలు అడుగుదురు. కోలారు తీగలలో వోల్టేజి 30,000. అదే శక్తిని 3,000 వోల్టులతో పంపినచో విద్యుత్ప్రవాహము పదిరెట్లు కావలెను. తీగలో వేడియై వ్యర్థమగు శక్తి ప్రవాహపు వర్గము ననుసరించును గనుక ఆ నష్టము నూరురెట్లగును. కావేరి శక్తి త్రోవలోని కాకులకు వెచ్చదన మిచ్చి ముగిసియుండును. వేసవిలో నది సన్నగిల్లినప్పుడు గనులకు విద్యుత్తు చాలకపోవుట కృష్ణరాజసాగరమును కట్టుటకు ముఖ్య కారణములలో నొకటి. ఆ ఆనకట్టకు సూత్రధారియైన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నాటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్లిలో తెలుగు కుటుంబమున జన్మించినవాడు. ఆయన పూర్వులు మన ప్రకాశం జిల్లాలోని మోక్షగుండమునుండి తరలిపోయినవారు. కోలారు బిడ్డయే కోలారు గనుల వేసవి చీకటిని తొలగించెననవచ్చును.

లోతున వేడి ఏలయను ప్రశ్నకు రెండు సమాధానములు కలవు. పిల్లలకు సాధారణముగా ఒక్కటే చెప్పుదురు. భూగర్భమునుండి వేడి పైకి ప్రవహించుచుండును, అందుచే శిలయే వేడి. కోలారులో అట్టడుగున శిలా తాపక్రమము అరువదియైదు డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమునకు చేరెను. రెండవది గాలి స్వయముగా వేడెక్కుట. బావిలో దిగు గాలి తనపైనున్న గాలిబరువుచే నలిగి, సైకిలు పంపు మొన వేడెక్కినట్లే, కిలోమీటరునకు దాదాపు పది డిగ్రీల చొప్పున, నిప్పు లేకయే, రాతి స్పర్శ లేకయే, వేడెక్కును. మూడు కిలోమీటర్ల దిగువ పీడనము పైదానికి మూడవవంతునకు మించి హెచ్చును. చెవులు మూసికొనిపోవుట కిదియే కారణము. పైన తొంబదియేడు డిగ్రీల ప్రాంతమున మరగు నీరు అచ్చట నూటయైదు దాటిన గాని మరగదు. గాలికి బరువున్నదని నమ్మని బాలుని కింతకంటె మంచి సాక్ష్యము లేదు.

అట్టి చోట మనిషి బ్రతుకుటకు ఆధారము చెమట యొక్కటే. చుట్టునున్న గాలియు రాయియు దేహముకంటె వేడిగా నున్నప్పుడు వేడి బయటికి పోదు, లోనికి వచ్చును. చెమట ఆవిరియగునప్పుడు మాత్రమే గ్రామునకు ఇంచుమించు 580 కేలరీల వేడిని దేహమునుండి తీసికొనిపోవును. కాని గాలి అప్పటికే తేమతో నిండియున్నచో చెమట ఆవిరి గాదు. ధారలై కారును, నేలపాలగును, దేహము చల్లబడదు. దుమ్ము నణచుటకు నీరు చల్లుదురు, ఆ నీరే గాలిని తడిపి ఊపిరాడనీయదు: ఈ రెండు అవసరముల నడుమ గని అధికారులు ఏండ్ల తరబడి నలిగిరి. గాలిని పైననే యంత్రములతో చల్లార్చి, ఆరబెట్టి, బావిలోనికి పంపు శీతలయంత్రములు చాంపియన్ రీఫ్‌లో నెలకొన్న తరువాతనే అత్యంత నిమ్న తలములలో పని సాధ్యమాయెను.

దుమ్మును గూర్చి మరికొంత చెప్పక తప్పదు. బరువైన వస్తువును తేలికైన వస్తువును ఒకేసారి విడిచినచో ఒకేసారి పడునని పాఠము. అయినను ధూళి ఏల తేలుచుండునని ప్రశ్న. గాలి నిరోధము రేణువు వ్యాసము ననుసరించును, బరువు వ్యాసపు ఘనము ననుసరించును. కావున రేణువు చిన్నదైన కొలది నిరోధమే పైచేయి యగును. స్టోక్సు 1851లో చెప్పిన నియమము ప్రకారము మిల్లీమీటరులో అయిదువందలవ వంతు వ్యాసము గల తెల్లరాతి రేణువు సెకనునకు మిల్లీమీటరులో మూడవవంతు మాత్రమే దిగును. తల ఎత్తున లేచిన అట్టి ధూళి నిశ్చలమైన గాలిలో నేల చేరుటకు గంటకు పైన పట్టును. ఆ గంటసేపు అది మనిషి పీల్చు గాలిలోనే యుండును, కంటికి కనబడదు. ఊపిరితిత్తుల లోతట్టునకు చేరి సిలికోసిసు వ్యాధిని కలిగించునది సరిగా ఈ పరిమాణపు ధూళియే. పెద్ద నలుసులను ముక్కు ఆపగలదు. ఉత్తరార్కాడు, చిత్తూరు, సేలము సీమలనుండి వచ్చిన శ్రామికులు, వారిలో అధికసంఖ్యాకులు అస్పృశ్యతచే ఊరి వెలుపల నుంచబడిన కులములవారు, ఈ నియమమునకు తమ ఊపిరులు చెల్లించిరి. తడి బర్మాలు, గాలిపంకాలు తరువాత వచ్చెను. అప్పటికి ఎందరో దగ్గుచు ఇండ్లకు మరలియుండిరి. బంగారపు లెక్కలు ఔన్సుల వరకు భద్రపరచినవారు ఈ లెక్కను కూడ అంత శ్రద్ధతో భద్రపరచియుండవలసినది.

శిల నిశ్చలమైనదను భ్రమను కోలారు పోగొట్టినంతగా మరేదియు పోగొట్టలేదు. మూడు కిలోమీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద పైశిల బరువు ఎనిమిది వందల కిలోలు దాటును. కదలని రాతిలో శక్తి ఏముండునని విద్యార్థి అడుగును. నొక్కబడిన రాయి స్ప్రింగువలెనే స్థితిస్థాపక శక్తిని దాచుకొనును. ఆ లోతున ఒక్క ఘనపు మీటరు రాతిలో దాగిన శక్తి ఆ రాతినే, మూడు టన్నుల బరువును, నిలువెత్తునకు లేపుటకు చాలినంత. ఖనిజమును త్రవ్వి తీసినప్పుడు అది మోయుచుండిన భారము ప్రక్కనున్న స్తంభములమీదికి మరలును. ఒకనాడు స్తంభము ఓర్వజాలక పేలును. దీనినే శిలాస్ఫోట మందురు. తొలినాళ్లలో ఇది చిక్కుకొన్న గాలి పేలుటయని భావించి దానిని ఎయిర్ బ్లాస్టు అని పిలిచిరి. ఆ అదురు నేలపైని ఇండ్లలోని పాత్రలను కదల్చును. ఆ క్షణమున షిఫ్టులోనున్నవారి ఇల్లాండ్రు గని ద్వారమునకు పరుగెత్తుట ఆ ఊరి నిత్యానుభవము. చెక్కిన గ్రానైటు రాళ్లతో గోడలు పేర్చి ఖాళీలను నింపుట, త్రవ్వు క్రమమును మార్చుట, అదురులను పరికరములతో నమోదుచేసి ముందుగా హెచ్చరింపజూచుట మొదలగు ఉపాయములు తరతరములుగా సాగెను; 1988లో జాతీయ శిలాయాంత్రిక సంస్థ కోలారు గనులలోనే నెలకొల్పబడుట ఈ అనుభవ ఫలమే.

బావిలో విడిచిన రాయి సంగతి మిగిలినది. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది; బావి అంచు అడుగుకంటె కేంద్రమునకు దూరము గనుక కొంచెము వేగముగా తిరుగును; ఆ వేగమును వెంట తెచ్చుకొన్న రాయి అడుగుకంటె ముందునకు, అనగా తూర్పునకు పడవలెను. ఇది న్యూటను 1679లో హుక్కునకు వ్రాసిన ఆలోచన. 1831లో జర్మనీ దేశపు ఫ్రైబర్గు గనిలో రైక్ అను శాస్త్రవేత్త 158 మీటర్ల లోతునకు గుండ్లను జారవిడిచి ఇరువది యెనిమిది మిల్లీమీటర్ల తూర్పు మరలికను కొలిచెను. కోలారు అక్షాంశమున, గాలి లేదని భావించినచో, ఒక కిలోమీటరు పడిన రాయి రెండడుగులకు పైగా తూర్పునకు ఒరుగును. మూడు కిలోమీటర్ల నిలువు బావి యొకటి యున్నచో ఆ రాయి అడుగు చేరకమునుపే తూర్పు గోడను తాకును.

ఈ లోతును శాస్త్రజ్ఞులును తమ పరిశోధనకు వాడుకొనిరి. 1951లో హోమీ భాభా ప్రోత్సాహమున బి. వి. శ్రీకాంతన్ విశ్వకిరణములను కొలుచు పరికరములతో ఈ గనులలో దిగెను. ఆ కిరణములలో పైనుండి కురియు మ్యూయాను కణములు శిలలోతు పెరిగిన కొలది కోట్ల రెట్లు సన్నగిల్లును. మియాకే, నరసింహం, రమణమూర్తి గార్లు 1960ల తొలినాళ్లలో అత్యంత నిమ్న తలమున పరికరము నుంచగా వారముల తరబడి ఒక్క కణమైనను నమోదు కాలేదు. ఆ శూన్యఫలితమే మహాఫలితమాయెను: అంతటి నిశ్శబ్దస్థలమున, భూమినే చొచ్చుకొనివచ్చు న్యూట్రినోలు శిలలో పుట్టించు మ్యూయానులను గుర్తింపవచ్చునని తేలెను. టాటా పరిశోధన సంస్థ, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయము, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయము కలిసి హీత్‌కోట్ బావి ప్రాంతమున 2.3 కిలోమీటర్ల లోతున నిలువు గోడలవలె పరికరములను నిలిపిరి. వాతావరణములో పుట్టిన మ్యూయానులు నిలువుగా వచ్చును, అడ్డముగా వచ్చునవి న్యూట్రినోల సంతానమే కావలెను గనుక ఆ అమరిక. 1965లో వారు, దక్షిణాఫ్రికా గనిలో రైనెసు బృందము, దాదాపు ఒకే కాలమున వాతావరణ న్యూట్రినోలను ప్రప్రథమముగా కనుగొనిరి. 1980లో ప్రోటాను క్షయమును వెదకుటకై 140 టన్నుల ఇనుప పరికరమును అదే లోతున అమర్చిరి. కొన్ని ఘటనలు ఆశ గొల్పినను ఇతర దేశముల పరికరములు వానిని సమర్థింపలేదు.

ఇంతటి పని జరుగుచుండగా ఆ జిల్లా పాఠశాలలలో భౌతికశాస్త్రము సిరా సీసాలతో, ఊహాత్మకమైన కప్పీలతో సాగెను. నాటి కోలారు జిల్లాలోని గౌరిబిదనూరు తాలూకా హోసూరున 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య పేదరికమున చదివి, భౌతికశాస్త్రోపాధ్యాయుడై, 1962లో బెంగుళూరు సైన్స్ ఫోరమును స్థాపించి, వారము వారము శాస్త్రోపన్యాసములు జరిపించి, గౌరిబిదనూరు బాగేపల్లి వంటి వెనుకబడిన తాలూకాలలో కళాశాలలు తెరపించెను. అటువంటివారు ఇంకను పదిమంది యుండి, కోలారు లోతులనే పాఠముగా బోధించియుండిన ఎంత బాగుండెడిది! కేజి, త్రాడు, చెమట, ధూళి, పేలుడు: పదవతరగతి పాఠములన్నియు అచ్చట సిద్ధముగా నుండెను.

1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్రప్రభుత్వము గనులను స్వాధీనపరచుకొనెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడెను. మొత్తము ఎనిమిది వందల టన్నుల ప్రాంతమున బంగారమిచ్చి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడెను. పంపులు ఆగిన పిమ్మట నీరు పైకి వచ్చెను. వందల కిలోమీటర్ల సొరంగములలో నిండిన నీటి బరువంతయు అడుగున పడునా యని విద్యార్థి అడుగవచ్చును, పడదు. సొరంగములు ఎంత విస్తరించినను, బావులు ఎన్ని వంకరలు తిరిగినను, పీడనము నిలువు లోతునే అనుసరించును. మూడు కిలోమీటర్ల నీటికి అది చదరపు సెంటీమీటరునకు మూడు వందల కిలోలు. ఆ నీటిని తోడి, శిలలను మరల నిలువరించి, పరికరములను పునఃప్రతిష్ఠించుట అసాధ్యప్రాయమగుటచే, నూతన న్యూట్రినో ప్రయోగశాలకు తమిళనాడులోని తేని జిల్లా బోడి కొండలను ఎన్నుకొనిరి. బావి త్రవ్వనక్కరలేకుండ కొండ ప్రక్కనుండి అడ్డముగా సొరంగము చేసి, తలపై వేయి మీటర్లకు మించిన శిలను కప్పుగా వాడుకొనుట అందలి ఆలోచన. 2015లో కేంద్రప్రభుత్వ మామోదించినను ఆ సొరంగపు త్రవ్వకము ఇంకను ఆరంభము కాలేదు.